ప్లాస్టిక్ కెగ్గు, పట్టి ఉంచిన గ్యాసు

ఇంట్లో బీరు తయారుచేసుకునేవారు చాలాకాలం పాటు గాలికి వదిలేసిన వాటిలో అన్నిటికంటే విలువైనది గ్యాసు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పిండిచేసి, వేడినీటిలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని వోర్ట్ అంటారు. దానిని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే, ఆ సూక్ష్మజీవి చక్కెరలో సుమారు సగం బరువును ఆల్కహాల్‌గానూ, దాదాపు అంతే బరువును కార్బన్ డయాక్సైడ్‌గానూ మారుస్తుంది. 5 శాతం ఆల్కహాల్ ఉండే బీరు 20 లీటర్లు తయారయ్యేటప్పుడు వెలువడే ఈ వాయువు బరువు ముప్పావు కిలో దాకా ఉంటుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర అది 400 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ బీరు గ్లాసులో చక్కగా నురగ కట్టడానికి కావలసింది అందులో ఎనిమిదో వంతు, అంటే 50 లీటర్లు మాత్రమే. అయినా ఇంటి తయారీదారు మొత్తం వాయువును ఎయిర్‌లాక్ అనే నీటి బుడ్డి గుండా బయటికి పంపి, ఆ తరువాత అంగడికి వెళ్లి అదే వాయువును సిలిండర్‌లో డబ్బు పెట్టి కొని తెచ్చి బీరులోకి ఎక్కించడం, లేదా సీసాల్లో మళ్లీ కాస్త చక్కెర వేసి రెండోసారి పులియనివ్వడం దశాబ్దాల తరబడి ఆనవాయితీగా సాగింది.

ఇది తెలియక జరిగిన పని కాదు. జర్మనీ బ్రూవరీలలో పులియడం ముగింపుకు వస్తుండగా పాత్ర మూత బిగించి, మిగిలిన చక్కెర నుంచి పుట్టే వాయువును బీరులోనే కరిగించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. దానికి స్పండింగ్ అని పేరు. పీడనం నిర్ణయించిన హద్దు దాటగానే అదనపు వాయువును మాత్రం వదిలే చిన్న కవాటానికి స్పండింగ్ వాల్వ్ అని పేరు. బ్రూవరీకి ఉక్కు ట్యాంకు ఉంటుంది కాబట్టి మూత బిగించగలదు. వెడల్పాటి గాజు జాడీ, ఆహారపదార్థాల ప్లాస్టిక్ బకెట్ తప్ప మరేమీ లేని ఇంటి తయారీదారు ఆ పని చేస్తే జాడీ పగిలి గాజుపెంకులు ఎగిరిపడతాయి. పీడనంలో పులియబెట్టడమనే విద్య ఇళ్లలోకి ఆలస్యంగా రావడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు, పాత్ర లేకపోవడం.

ఆ లోటును మొదట తీర్చింది శీతల పానీయాల పరిశ్రమ వదిలేసిన ఉక్కు డబ్బా. అమెరికాలో పెప్సీ, కోక్ సిరప్పులు దుకాణాలకు చేరవేయడానికి వాడిన 5 గాలన్ల, అంటే సుమారు 19 లీటర్ల కార్నీలియస్ కెగ్గులను, ఆ పరిశ్రమ అట్టపెట్టెలోని సంచులకు మారిన తరువాత, ఇంటి తయారీదారులు చౌకగా కొనుక్కున్నారు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టంతో అక్కడ ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి లభించింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు ఆ చట్టం పెట్టిన పరిమితి. బ్రిటన్ అయితే 1963లోనే లైసెన్సు నిబంధన తీసేసింది. కార్నీ కెగ్గు 130 పీఎస్ఐ దాకా తట్టుకునేలా తయారైంది. పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌన్ల ఒత్తిడి పడుతున్నదో చెప్పే కొలత, సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ. గోళీసోడాలో లోపలి గ్యాసే గోళీని మెడలోని రబ్బరు కట్టుకు అదిమి పట్టి సీసాను మూసి ఉంచినట్లే, ఈ కెగ్గు కోడిగుడ్డు ఆకారపు మూతను కూడా లోపలి పీడనమే పైకి నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి, గ్యాసు వదిలితే తప్ప మూత తెరుచుకోదు. ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం. ప్లాస్టిక్ కెగ్గుకు ఈ రక్ష లేదు.

ప్లాస్టిక్ కెగ్గు పెట్ అనే పాలిథిలీన్ టెరిఫ్తలేట్‌తో తయారవుతుంది. ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1941లో దీనిని బట్టల నూలు కోసం కనిపెట్టగా, డ్యుపాంట్ సంస్థ ఇంజనీరు నథానియల్ వైయెత్ 1973లో దీనితో సోడా సీసాకు పేటెంటు పొందాడు. పరీక్షనాళిక ఆకారంలో ఉండే మందపాటి ముక్కను మెత్తబడేంతవరకు వేడిచేసి, లోపల కడ్డీతో నిలువునా సాగదీస్తూ, గాలి ఊది అడ్డంగా ఉబ్బించినప్పుడు, అందులోని పొడవాటి అణుగొలుసులు రెండు దిక్కులా వరుసకట్టి బిగుసుకుంటాయి. కాగితమంత తేలికగా కనిపించే గోడకు సోడా పీడనాన్ని ఆపే బలం వచ్చేది ఆ సాగదీతలోంచే. అదే సాంకేతికతతో పెద్ద పాత్రలు పోతపోయగలిగాక, నెదర్లాండ్స్‌కు చెందిన కీకెగ్ వంటివి వాణిజ్య బీరును తిరిగిరాని ప్రయాణాలకు పంపడానికి పనికొచ్చాయి. మెల్‌బోర్న్‌లోని కెగ్‌ల్యాండ్ సంస్థ ఫెర్మ్‌జిల్లా పేరుతో అమ్మే పారదర్శక పాత్రలు ఇంటి తయారీదారు చేతికి అందాయి. ఫెర్మ్‌జిల్లాకు నిర్ణయించిన గరిష్ఠ పీడనం 35 పీఎస్ఐ, అంటే సుమారు 2.4 బార్.

ఈ పాత్రల గురించి అమ్మకందారులు ముందుగా చెప్పే సుగుణం తేలికదనం. నిజానికి ఇంటి తయారీదారుకు దానితో ఒరిగేది కొంచెమే. ఖాళీ కార్నీ కెగ్గు నాలుగు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, ప్లాస్టిక్‌ది అందులో కొంత. కాని 19 లీటర్ల బీరు నింపిన తరువాత దేని అడుగున చెయ్యి పెట్టి ఎత్తినా నడుము ఒకేలా నొప్పి పెడుతుంది. తేలికదనం ఓడల్లో, లారీల్లో సరుకు పంపే బ్రూవరీకి లాభం, సముద్రాలు దాటించి కెగ్గులమ్మే వ్యాపారికి లాభం. ఇంట్లో కళకు దక్కిన అసలు లాభాలు రెండు: మూత బిగించగలిగే పాత్ర ఉక్కు ట్యాంకు ధరలో చిన్న భాగానికి దొరకడం ఒకటి, లోపల జరిగేది కంటికి కనిపించడం రెండోది. ఈస్ట్ పైకి లేవడం, నురగ మెట్టు కట్టడం, మడ్డి అడుగున పేరుకోవడం కళ్లారా చూసినవారికి, తేదీలు లెక్కపెట్టి ఊహించడం కంటే పులియడమంటే ఏమిటో బాగా అర్థమవుతుంది.

పీడనం బీరు రుచిని కూడా మారుస్తుంది. కరిగిన కార్బన్ డయాక్సైడ్ పెరిగినకొద్దీ ఈస్ట్ కణాలు నెమ్మదిగా విస్తరిస్తాయి, పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు, గొంతులో ఘాటు పుట్టించే బరువైన ఆల్కహాళ్లు తక్కువగా తయారవుతాయి. లాగర్ అనే రకాన్ని సాధారణంగా 8 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య వారాల తరబడి పులియబెట్టడం కూడా ఈ వాసనలు పుట్టకుండా చూడడానికే. పాత్రలో 10 నుంచి 15 పీఎస్ఐ నిలబెట్టినట్లయితే అదే లాగర్‌ను 18, 20 డిగ్రీల దగ్గర, చల్లని గది లేకుండా, తక్కువ రోజుల్లో శుభ్రంగా దించవచ్చు. పెద్ద బ్రూవరీల్లో ఇరవై మీటర్ల ఎత్తున్న ట్యాంకుల అడుగున బీరు బరువే రెండు బార్ల దాకా పీడనం కలిగిస్తుంది కాబట్టి, ఇంటి తయారీదారు కవాటంతో తెచ్చుకుంటున్నది ఆ ఎత్తు చేసే పనినే. అయితే దీనిని అన్ని బీర్లకూ వర్తించే మంత్రంగా చెప్పడం అతిశయోక్తి. బవేరియా గోధుమ బీరుకు అరటిపండు వాసననిచ్చేది ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టరే. బెల్జియం బీర్ల ప్రత్యేకతలో ఎక్కువ భాగం ఈస్ట్ వదిలే వాసనలదే. వాటిని పీడనంలో పెట్టడమంటే పులిహోర చేసి చింతపండు తీసేయడమే. ఒక పద్ధతి చేతికి వచ్చిందని ప్రతి బీరునూ అందులోకే తోయడం ఈ సరదాలో తరచుగా కనిపించే చపలత్వం.

పని జరిగే తీరు చూస్తే, కవాటం తిప్పడంలోనే నేర్పంతా ఉందని తెలుస్తుంది. ఈస్ట్ కలిపిన మొదటి రోజు అది తన సంతానాన్ని పెంచుకుంటుంది కాబట్టి స్పండింగ్ వాల్వ్ వదులుగా ఉంచి, బుడగలు జోరందుకున్న తరువాత గుండీని కొంచెం కొంచెంగా బిగించి, ముల్లు కోరిన అంకె దగ్గర నిలిచేలా చూస్తారు. చక్కెర మరికొంత మిగిలి ఉండగా పీడనాన్ని ఇంకాస్త పెంచితే బీరు తనంతట తానే నురగకు సిద్ధమవుతుంది. వాయువు ఎంత కరుగుతుందో నిర్ణయించేది పీడనం, ఉష్ణోగ్రత రెండూ కలిసి. విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాసు నిలవాలంటే 4 డిగ్రీల చల్లదనంలో 11, 12 పీఎస్ఐ చాలు, 20 డిగ్రీల దగ్గర 29 దాకా కావాలి. ప్లాస్టిక్ పాత్ర హద్దు 35 అయినప్పుడు 29కీ దానికీ మధ్య ఎడం ఎంతో లేదు. వేసవిలో ఆ పాత్రను కారు వెనక పెట్టి మరిచిపోతే ఆ ఎడం కూడా ఉండదు. పులిసిన బీరును వడ్డించే కెగ్గులోకి మార్చేటప్పుడు, రెండు పాత్రల గ్యాసు గొట్టాలను కలిపి పీడనం సమం చేసి, బీరు గొట్టాన్ని తగిలిస్తే, గాలి సోకకుండా బీరు కిందికి దిగుతుంది, ఖాళీ అయిన చోటును గ్యాసు ఆక్రమిస్తుంది. హాప్స్ వాసన ఎక్కువగా ఉండే బీర్లకు ఆక్సిజన్ పరమ శత్రువు కాబట్టి, ఈ మూసిన మార్పిడి ఒక్కటి చాలు, ఈ పాత్రల మీద పెట్టిన డబ్బు వసూలయినట్లే.

అయితే ఆక్సిజన్ విషయంలోనే ఒక అపోహ బలంగా నాటుకుంది. లోపల గ్యాసు ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు బయటి గాలి లోపలికి ఎలా రాగలదని చాలామంది అనుకుంటారు. ప్లాస్టిక్ గోడ గుండా వాయువులు అణువు అణువుగా పాకుతాయి; వాటిని నడిపించేది మొత్తం పీడనం కాదు, ఒక్కో వాయువు విడివిడిగా చూపే పాక్షిక పీడనం. బయటి గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, లోపల దాదాపు శూన్యం. అందువల్ల లోపల రెండు బార్ల కార్బన్ డయాక్సైడ్ నిండి ఉన్నా ఆక్సిజన్ తన దారిన తాను లోపలికి వస్తూనే ఉంటుంది. ఆక్సిజన్‌ను అడ్డుకునే పదార్థం కలిపిన పెట్ దీనిని బాగా తగ్గిస్తుంది గాని, ఉక్కుకు సమానం కాదు. వెలుతురుతోనూ ఇదే చిక్కు: హాప్స్ చేదు పదార్థాలు వెలుతురు సోకితే విరిగి స్కంక్ అనే జంతువు చిమ్మే దుర్వాసనను గుర్తుచేసే గంధక సమ్మేళనం పుడుతుంది కాబట్టి, లోపలంతా కనిపించే పాత్రను చూడని వేళల్లో గుడ్డ కప్పి ఉంచక తప్పదు. వారాల్లో తాగేసే బీరుకు ప్లాస్టిక్ చాలు, నెలల తరబడి దాచే బీరుకు ఉక్కే కావాలి అన్నది ఈ కాలమ్ నిశ్చితాభిప్రాయం.

ప్రమాదం సంగతి దాచకుండా చెప్పాలి. 30 లీటర్ల పాత్రలో 20 లీటర్ల వోర్ట్ పోసి, కవాటం లేకుండా గట్టిగా మూసి పూర్తిగా పులియనిస్తే, పైన చెప్పిన 400 లీటర్ల గ్యాసు లెక్కప్రకారం లోపలి పీడనం పది వాతావరణాలు దాటుతుంది, అంటే ఆ పాత్ర హద్దుకు నాలుగు రెట్ల పైమాట. అందుకే స్పండింగ్ వాల్వ్‌తో పాటు, అది మడ్డితో మూసుకుపోయినా పనిచేసేలా విడిగా ఒక రక్షక కవాటం తప్పనిసరి. మర తిప్పి పెట్టే మూత, కార్నీ మూతలా కాక, పీడనం ఉండగా కూడా తిరుగుతుంది. గ్యాసు వదలకుండా విప్పితే మూత మొహానికేసి ఎగురుతుంది. 2012లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లోని ఒక బ్రూవరీలో ప్లాస్టిక్ కెగ్గును శుభ్రం చేస్తుండగా అది పేలి ఒక యువ కార్మికుడు చనిపోయాడు. కుదించిన వాయువులో శక్తి స్ప్రింగులా దాగి ఉంటుంది, నీరు మాత్రం దాదాపు కుంచించుకోదు. ఈ తేడా వల్లనే పాత్ర బలాన్ని గాలితో కాక, నిండా నీరు పోసి పరీక్షించడం ఇంజనీర్ల నియమం.

పెట్ సుమారు 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, సాగదీసిన ఆకారం ముడుచుకుపోతుంది. కాబట్టి మరుగుతున్న వోర్ట్‌ను గాని, సలసల కాగే నీటిని గాని అందులో పోయకూడదు. కాస్టిక్ సోడా దాని అణుగొలుసులను తెంపుతుంది. గరుకు బ్రష్షుతో తోమితే పడే గీతలు సూక్ష్మజీవులకు నీడ ఇవ్వడమే కాక, పీడనంలో పగులుకు మొదలవుతాయి. గోరువెచ్చని నీటిలో సోడియం పర్‌కార్బొనేట్ కలిపి నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడవడం సరిపోతుంది. ఉక్కు పాత్ర తరాలు మారినా ఉంటుంది, ప్లాస్టిక్ పాత్రకు ఆయుర్దాయం ఉంటుంది. అది కొన్న రోజునే ఒప్పుకోవలసిన షరతు.

తెలుగు రాష్ట్రాల్లో 1968 నాటి ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం, పాత్ర ఏదైనా సరే, పరిమాణం ఎంతైనా సరే. కాబట్టి ఇక్కడి పాఠకులు దీనిని చదువుకునే విషయంగానే తీసుకోవాలి. చట్టం అనుమతించే అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ఉంటూ ఈ సరదా పెట్టుకున్న తెలుగువారు ఒక్క పని చేయాలి: కెగ్గు మీద ముద్రించిన పీడన పరిమితి, తయారీ తేదీ చదివిన తరువాతే గ్యాసు గొట్టం తగిలించాలి, ఆ ముద్ర చెరిగిపోయిన పాత కెగ్గును ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.