గీతను తెంపే రంగు

అడవిలో నల్లటి వస్తువులు తక్కువ. తిన్నగా ఉండేవి ఇంకా తక్కువ. రైఫిల్‌కు ఈ రెండు గుణాలూ ఉన్నాయి. వేటగాడు ఆకుల రంగు బట్టలు తొడుక్కుని కదలకుండా కూర్చున్నా, చేతిలోని ఆ నల్లటి గీత అతణ్ణి పట్టిచ్చేస్తుంది. అందుకే అమెరికాలో చాలామంది వేటగాళ్లు సీజను మొదలవకముందే గ్యారేజీలో కూర్చుని, స్ప్రే డబ్బాలతో తమ తుపాకులకు తామే రంగులు వేసుకుంటారు. పైకి ఇది సోకులా కనిపిస్తుంది కానీ, దీని వెనక కన్ను ఎలా మోసపోతుందో తెలుసుకున్న శాస్త్రం ఉంది.

ఆ శాస్త్రానికి దారి వేసినవాళ్లలో ఒకడు అబాట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి జంతువు వీపు వెలుగుతుంది, పొట్ట నీడలో ఉంటుంది. ప్రకృతి దీన్ని తిరగేసి వీపుకు ముదురు రంగు, పొట్టకు లేత రంగు ఇచ్చిందనీ, దాంతో ఒంటి గుండ్రదనం కంటికి ఆనదనీ ఆయన 1896లో రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యం శత్రువు కంటినుంచి దాచే ఈ పనికే 1915లో చిత్రకారులతో ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త హ్యూ కాట్ 1940లో వెలువరించిన పెద్ద గ్రంథంలో, అంచును తెంపే మచ్చలు ఆకారాన్ని ఎలా దాస్తాయో వివరించాడు. గ్యారేజీలో డబ్బా పట్టుకున్నవాడు ఆచరించేది ఈ సూత్రాలనే.

పని మొదలయ్యేది రంగుతో కాదు. మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టాలి. తర్వాత నూనె జిడ్డు వదిలించాలి. జిడ్డు మిగిలితే రంగు పొలుసులుగా లేస్తుంది. లోహానికి ఎసిటోన్ పనికొస్తుంది కానీ ప్లాస్టిక్‌ను అది కరిగించవచ్చు, అక్కడ ఆల్కహాల్ మేలు. స్కోపు అద్దాలు, గొట్టం మూతి, ట్రిగ్గర్ లోపలి భాగం, తూటా పెంకు బయటపడే కిటికీ, సీరియల్ నంబరు, సేఫ్టీ గుర్తులు అన్నీ మాస్కింగ్ టేపుతో కప్పాలి. పని అయ్యాక మూతికున్న టేపు తీశామా లేదా అని మళ్లీ చూసుకోవాలి. గొట్టానికి ఏది అడ్డుపడినా ప్రాణాపాయమే.

గాలి ఆడే చోట తుపాకీని తీగకు వేలాడదీసి, మెరుపు లేని మ్యాట్ రంగుల్లో అన్నిటికంటే లేతదాన్ని ముందు వేస్తారు. డబ్బాను సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా పలచటి పూతలు వెయ్యాలి. ఒక్కసారే దట్టంగా కొడితే రంగు కారుతుంది. ఆరాక అసలు పనితనం మొదలవుతుంది. పిల్లలు కాగితం మీద ఆకు పెట్టి రంగు చల్లినట్టు, తాను వేటాడే చోటినుంచి కోసుకొచ్చిన గడ్డిపరకలను తుపాకీకి ఆనించి ముదురు రంగు చల్లుతారు. గడ్డి తీయగానే దాని రూపం లేతగా మిగిలి, చుట్టూ నీడ పరుచుకుంటుంది. బట్టలుతికే వలసంచిని బిగించి చల్లితే పాము పొలుసుల్లాంటి అల్లిక వస్తుంది.

కొత్తవాళ్లు ఈ చిన్న నగిషీల దగ్గరే ఆగిపోతారు. కొంచెం దూరం వెళ్లి చూస్తే అవన్నీ కలిసి ఒకే మురికి రంగుగా కనిపిస్తాయి, గీత మళ్లీ తేలుతుంది. అందుకే గొట్టానికి, భుజానికి ఆనే స్టాకుకు అడ్డంగా, ఏటవాలుగా వెడల్పాటి పట్టీలు పడాలి. పెద్ద మచ్చ దూరానికి, చిన్న మచ్చ దగ్గరికి. పూత పూతకూ వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడడం ఇందుకే.

ఎవరి కంటినుంచి దాక్కుంటున్నామన్నదీ ముఖ్యమే. తెల్లతోక జింకకు నారింజ, ఎరుపు రంగులు ఆకుపచ్చ నుంచి వేరుగా సరిగా తెలియవు. మెరుపు, కదలిక మాత్రం ఇట్టే పసిగడుతుంది. అందుకే అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో జింకల వేటకు నారింజ చొక్కా తప్పనిసరి చేసినా వేట సాగుతుంది, తోటి వేటగాడి ప్రాణమూ దక్కుతుంది. అడవి టర్కీ కోడికి రంగులు చక్కగా తెలుస్తాయి. దాని వేటకు రంగుల పొందిక కుదరాల్సిందే.

ప్రతి తుపాకీకీ ఇది తగదు. వాల్‌నట్ చెక్కతో, నీలిమెరుపు ఉక్కుతో చేసిన పాత తుపాకీ మీద స్ప్రే కొట్టడం ఆ పనివాడి చేతిని అవమానించడమే. ఈ పూత పనిముట్టుకు, నగకు కాదు.

మన దగ్గర వన్యప్రాణుల వేటను చట్టం నిషేధించింది. కానీ లెన్సు గొట్టానికి మచ్చల తొడుగు వేసుకుని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో పక్షుల కోసం కాచుకునే ఫొటోగ్రాఫరుకూ ఇదే విద్య అక్కరకొస్తుంది.

అమెరికాలో కంపెనీలు అచ్చువేసే ఆకుల బొమ్మలు చాలావరకు ఏదో ఒక్క చోటుకని గీసినవి కావు. అరిజోనా ఎడారికి ఇసుక రంగు కావాలి, జార్జియా పైన్ అడవికి ఆకుపచ్చ, గోధుమ రంగులు కావాలి. అది తెలిసేది అక్కడ తిరిగినవాడికే. చేతి రాపిడికి ఈ రంగు అరుగుతుంది, మళ్లీ వేసుకోవాలి. వేసుకునే ప్రతిసారీ తన నేలలో గడ్డి ఏ రంగుకు తిరిగిందో, నీడ ఎటు పడుతోందో పరీక్షగా చూడక తప్పదు. నాలుగు డబ్బాల ఖర్చుతో అబ్బే ఈ చూపే, నా దృష్టిలో, ఈ విద్య ఇచ్చే అసలు లాభం.