మీది ఏ మిషను?

హైదరాబాదులో ఆదివారం ఆరాధన ముగిసి, జనం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే వేళ, కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎవరో పెద్దావిడ ఎదురై వందనాలు చెబుతుంది. ఆవిడ ముందు అడిగేది పేరు కాదు, ఉద్యోగమూ కాదు. ‘‘ఏ ఊరు నాయనా మీది? అక్కడ ఏ మిషను?’’ మొదటి దానికి జవాబు వస్తే రెండోది చాలాసార్లు చెప్పక్కర్లేదు. గుంటూరు అంటే లూథరన్. ఒంగోలు అంటే బాప్టిస్టు. మెదక్ అంటే సీఎస్ఐ. మహబూబ్‌నగర్ అయితే బహుశా ఎంబీ (మెనోనైట్ బ్రదరన్) చర్చి.

ఇందులో ఆవిడ చాదస్తం ఏమీ లేదు, రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. లండన్ మిషను వాళ్లు 1805లో విశాఖపట్నంలో దిగారు. 1840లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. మరుసటి ఏడాది రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లిషు పాదిరీలు మచిలీపట్నంలో పని మొదలుపెట్టారు. 1842లో లూథరన్ మిషనరీ హెయర్ గుంటూరు వచ్చాడు. 1874 నాటికి కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో ఉన్నారు. ఒకరి పొలిమేరలోకి ఇంకొకరు అడుగుపెట్టకుండా మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి. కాబట్టి ఒక కుటుంబం బాప్టిస్టు అయిందంటే సిద్ధాంతాలన్నీ చదివి ఎంచుకుని కాదు. వాళ్ల ఊరు ఏ దొర తిరిగే మేరలో ఉందన్నదే తేల్చింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల మునిమనవల పిల్లలు ఇవాళ అమీర్‌పేట హాస్టళ్లలో, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఉంటూ, ఆదివారం ఎక్కడికి వెళ్లాలా అని ఫోన్లో మ్యాపు తెరుస్తున్నారు.

ఏ మిషను అన్న ఆ ప్రశ్న కొందరికి పుట్టింటి పలకరింపులా ఉంటుంది. కొందరికి గుచ్చుకుంటుంది. పల్లెటూళ్లో చర్చి ఏ పేటలో ఉందో తెలిస్తే కులమూ తెలిసిపోతుంది మరి. ఊరు దాటితే ఆ గీత చెరిగిపోతుందని నమ్మి నగరానికి వచ్చిన మనిషి, ఆరాధన అయిన ఐదు నిమిషాలకే మళ్లీ ఆ గీత దగ్గర నిలబడాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది. చర్చి వెతుక్కోవడం గురించి మాట్లాడేవాళ్లు ప్రసంగం బాగుందా, పాటలు బాగున్నాయా అని చెబుతారు గానీ దీని గురించి నోరు విప్పరు. విప్పాలి.

హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరాల్లో ఈ వెతుకులాట ఇంకా చిక్కు. 1806లో సికింద్రాబాదులో కంటోన్మెంటు వెలిసింది. అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. మద్రాసు సైన్యంతో పాటు తమిళ సిపాయిలు, గుమస్తాలు, వంటవాళ్లు వచ్చారు. వాళ్ల తమిళ ఆరాధనలు ఇప్పటికీ సికింద్రాబాదులో జరుగుతున్నాయి. బొల్లారంలో 1847లో విక్టోరియా రాణి సొమ్ముతో కట్టిన హోలీ ట్రినిటీ చర్చికి 1983లో ఎలిజబెత్ రాణి వచ్చి ఆరాధనలో కూర్చుంది. దొరల కోసం కట్టిన ఆ బల్లల మీద ఇప్పుడు మన వాళ్లే కూర్చుంటున్నారు. తర్వాత మలయాళీ నర్సులు, రైల్వే ఉద్యోగులు వచ్చారు, మార్తోమా, ఆర్థడాక్స్ చర్చిలు వెలిశాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ రోజుల్లో మిజో, నాగా, మణిపురి పిల్లలు, చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థులు. ఆదివారం పొద్దున ఫంక్షన్ హాళ్లు, స్కూలు ఆడిటోరియాలు, కొన్నిచోట్ల అపార్ట్‌మెంట్ సెల్లార్లు కూడా ఆరాధన స్థలాలే. వేల మంది ఒకేసారి కూర్చునే మందిరాలూ ఉన్నాయి.

ఇన్ని ఉన్నాయి కాబట్టే యువతకు ఒక అలవాటు పట్టుకుంది. ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ. ఇక్కడ గిటారు బాగుంది, అక్కడ వాక్యం లోతుగా చెబుతారు, ఇంకోచోట పార్కింగ్ ఉంది. వీళ్లను తప్పుపట్టడం తేలిక. ఆదివారం ఒక్కటే సెలవున్న పిల్ల, మెట్రో దిగి ఎండలో నడిచి వెళ్లిన చోట ఎవరూ పలకరించకపోతే మళ్లీ ఎందుకు వెళ్లాలి? అయినా ఒక మాట చెప్పక తప్పదు. మంచి ప్రసంగం ఇప్పుడు ఫోన్లో దొరుకుతుంది. వచ్చే ఆదివారం రాకపోతే ఆరా తీసే మనిషి మాత్రం ఫోన్లో దొరకడు. వెతకాల్సింది ఆ మనిషి కోసమే.

ఆ మనిషి ఆదివారం జనంలో కనపడడు. వారం మధ్యలో ఎవరింట్లోనో పెట్టే కుటీర ప్రార్థనలో కనపడతాడు. పదిహేను ఇరవై మంది హాల్లో చాప పరుచుకుని కూర్చుంటారు. ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయింది, ఎవరి అత్తగారు నిమ్స్ ఆసుపత్రిలో ఉంది, ఎవరికి కాన్పు రోజులు దగ్గర పడ్డాయి అన్నీ అక్కడే తెలుస్తాయి. ప్రార్థన అయ్యాక ఇంటావిడ ఉప్మానో సేమ్యానో పెడుతుంది. ఒక సంఘం ఎలాంటిదో తెలుసుకోవాలంటే పాస్టరుగారి ప్రసంగం కన్నా ఆ చాప దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరింటికి ప్రార్థన ఎప్పటికీ వెళ్లదో చూడడం మేలు. అద్దె గది ఇరుకని, పేట మంచిది కాదని దాటవేస్తున్నారా? సంఘ పెద్దల పేర్లలో ఒకే జిల్లావాళ్లు, ఒకే బంధుత్వం వాళ్లు ఉన్నారా? ఇవి కొత్తవాళ్లు అడగదగ్గ ప్రశ్నలే.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నలను తమ బతుకుతో అడిగిన ఇద్దరు బయటివాళ్లున్నారు. ఒకరు తిరునెల్వేలి తమిళుడు వి.ఎస్. అజరయ్య. దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు కావాల్సింది స్నేహం అని తెల్ల మిషనరీల మొహం మీదే చెప్పాడు. ఆయన కట్టించిన దోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడినీ మసీదునీ గుర్తుచేసే పనితనం అందులో కనిపిస్తుంది. మిషన్ల గీతలు చెరిపేసి అంతా ఒక్క సంఘం కావాలని ఆయన జీవితమంతా పోరాడాడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు చూడడానికి ఆయన లేడు. బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. కాగితం మీద గీతలు కొన్ని చెరిగాయి, గుమ్మం దగ్గర ప్రశ్న మాత్రం నిలిచింది.

రెండోవారు భక్త సింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు, అక్కడి నుంచి కెనడా వెళ్లాడు. విన్నిపెగ్‌లో చలికాలం, తన భాష వినపడదు. అక్కడ ఒక మిత్రుడిని అడిగి బైబిలు తెచ్చుకుని చదివాడు. కెనడా దంపతులు ఒకరు ఆయన్ని తమ ఇంట్లో మనిషిలా చూసుకున్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం. స్వదేశం వచ్చాక 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టాడు. తర్వాత హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ఆయన పనికి కేంద్రమైంది. 2000లో కన్నుమూసే దాకా ఆయన ఇల్లు అదే.

హెబ్రోనులో బల్లలుండవు, చాపలే. ఆరాధన గంటల తరబడి సాగుతుంది. ఇంగ్లిషులో చెప్పిన వాక్యం పక్కనే తెలుగులోకి మారుతుంది. అయిపోగానే అందరూ అక్కడే వరసల్లో కూర్చుని ప్రేమ విందు తింటారు. అన్నం, చారు, కూర. కలెక్టరాఫీసు అధికారి పక్కన రిక్షా తొక్కే మనిషి. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్లు, తెలుగు ఊళ్లలో ఎవరు ఎవరితో కలిసి తినకూడదన్న పట్టింపులు ఎంత కాలం నడిచాయో గుర్తు తెచ్చుకోవాలి. పరాయి దేశంలో ఒక ఇంటి భోజనం బల్ల దగ్గర చోటు దొరికిన మనిషికి, ఆరాధన తర్వాత విస్తరి ఎంత ముఖ్యమో తెలిసే ఉంటుంది. సిద్ధాంతాల విషయంలో ఆయనతో విభేదించేవాళ్లు చాలామంది. ఆ పంక్తి భోజనాన్ని మాత్రం ప్రతి సంఘమూ అరువు తెచ్చుకోవాలి.

సంఘ సభ్యత్వం అంటే భక్తి ఒక్కటే కాదు, కొన్ని మొండి అవసరాలూ ఉన్నాయి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కిందే ఇప్పటికీ పెళ్లిళ్లు నమోదవుతున్నాయి. అధికారం ఉన్న పాస్టరు కావాలి. చాలా సంఘాల్లో వరుసగా మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవాలి. ఏ రిజిస్టరులోనూ పేరు లేని కుర్రాడు అప్పుడు పరుగులు పెడతాడు. పెళ్లికైతే టైముంటుంది. చావుకు ఉండదు. నగరంలో సమాధుల తోటలు నిండిపోతున్నాయి. నారాయణగూడ లాంటి పాత శ్మశానాల్లో చోటు కష్టం. ఊరి నుంచి తల్లిని తెచ్చి పెట్టుకున్న కొడుకు, ఆమె పోయిన రాత్రి ఏ పాస్టరుకు ఫోన్ చేయాలో తెలియక నిలబడిపోవడం ఎవరికీ రాకూడని పరిస్థితి. ఊళ్లో అయ్యగారి దగ్గర బదిలీ ఉత్తరం తీసుకుని వచ్చి, ఇంటికి దగ్గర్లో ఒక చర్చిలో ఇవ్వడం పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది. నగరానికి వచ్చిన మొదటి నెలలోనే చేయాల్సిన పని అది.

ఇతరులతో చోటు పంచుకోవడమనే పాఠం గల్ఫుకు వెళ్లిన తెలుగువాళ్లు మనకన్నా ముందే నేర్చారు. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం, కాబట్టి ప్రధాన ఆరాధనా శుక్రవారమే. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లకు ఆ పూట సెలవు దొరికితే అదే పండుగ. నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో పదుల కొద్దీ సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. దుబాయిలో హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో వందకు పైగా సంఘాలు గదులు పంచుకుంటాయి. ఒక గదిలో తెలుగు పాట అయిపోతుండగా వరండాలో ఫిలిప్పీన్స్ వాళ్లు, నైజీరియా వాళ్లు తమ వంతు కోసం నిలబడతారు. 2022 జనవరిలో ఎమిరేట్స్ వారాంతపు సెలవును శని, ఆదివారాలకు మార్చినప్పుడు వీళ్లంతా వేళల పట్టికలు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. స్థలం కొరత వాళ్లను పక్కపక్కన నిలబెట్టింది. జంట నగరాల్లో ఆ కొరత లేదు. అందుకే ఎవరి భాష వాళ్లది, ఎవరి గేటు వాళ్లది.

మాతృభాషలో ప్రార్థించుకోవడం ఎవరూ వదులుకోకూడనిది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం లేకుండా చాలామంది తెలుగు క్రైస్తవుల దుఃఖానికి నోరుండదు. పురుషోత్తమ చౌదరి పందొమ్మిదో శతాబ్దంలో రాసిన పాటలు ఇప్పటికీ మరణపు ఇంట్లో పాడతారు. కానీ నగరంలో పుట్టిన పిల్లలు ఆ పుస్తకం చదవలేకపోతున్నారు. తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు పాట వేస్తే చూసి పాడుతున్నారు. సండే స్కూల్లో అరగంట తెలుగు అక్షరాలు నేర్పితే ఆ పిల్లలకు తాతమ్మల పాట దక్కుతుంది. వాళ్ల స్నేహితులైన మలయాళీ, మిజో పిల్లల్ని కూడా పిలిస్తే ఇంకా మంచిది. ఒకే ఆవరణలో పొద్దున ఇంగ్లిషు, తర్వాత తెలుగు, ఆపైన తమిళం అని వేళలు పంచుకునే చర్చిలు నెలకు ఒక ఆదివారం మూడింటినీ కలిపి, అక్కడే భోజనం పెట్టడానికి సినడ్ అనుమతి అక్కర్లేదు. పాస్టరేట్ కమిటీ ఒక సాయంత్రం కూర్చుని, బియ్యానికి ఎవరు, కూరలకు ఎవరు, తర్జుమాకు ఎవరు అని పేర్లు రాసుకుంటే వచ్చే నెలే మొదలుపెట్టొచ్చు.