చక్రాలు పాతవే

సూరత్‌లోని బమ్రోలిలో మరమగ్గాల చప్పుడు నడుమ చిన్న సైకిల్ షాపు. తెలంగాణ నుంచి వచ్చిన మన నేత కార్మికులు షిఫ్టు దిగి ఇక్కడే గాలి కొట్టించుకుంటారు.

నా మౌంటెన్ బైకు ఫ్రేము సీటు గొట్టం కింద పగిలింది. "వెల్డింగ్ పెట్టలేవా అన్నా?" అన్నాను. షాపతను తల అడ్డంగా ఊపాడు. అల్యూమినియాన్ని అతికిస్తే ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం మెత్తబడుతుంది. సరైన వేడిలో మళ్లీ పదును ఎక్కిస్తే తప్ప పాత బలం రాదు.

"చక్రాలు మంచిగున్నయి తమ్మీ. ఫ్రేమొక్కటే మారుద్దాం."

ఆ మాట వెనక ఎంత లెక్క ఉందో! నా బైకు వెనక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు. ఇప్పటి ఫ్రేముల్లో చాలావాటికి 148 కావాలి, ఇరుసూ లావుదే. 26 అంగుళాల రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు, 27.5 అంగుళాల దానికి 584. డిస్క్ బ్రేకు బిగించే చెవులూ కలవాలి. అన్నీ వెర్నియర్‌తో కొలిచి, సరిపడే పాత ఫ్రేమే వెతికి తెచ్చాడు.

తర్వాత ఒక్కో స్పోకునూ మీటి, శబ్దం విని బిగించాడు. పడుగులో వదులైన పోగును వేలికొసతో పసిగట్టే నేతగాడి నేర్పే అది. తిప్పి వదిలితే, చక్రం ఎక్కడా రాసుకోకుండా చాలాసేపు తిరిగింది.