వెన్నులేని మహలా, నీకు జేజేలు

ఓ వెన్నులేని మహలా! ముఖమే మేనైనదానా, మేనంతా మెరుపైనదానా! రాయి కాని రాతికంబమా, ఇత్తడి కాని ఇత్తడి గడపా, ఏనాడూ పొయ్యి రాజని వంటశాలా, ఏ రాణీ తొంగిచూడని గవాక్షమా! తట్టితే డొల్ల, తాకితే తేలిక, పక్కకు వచ్చి చూస్తే పలకచెక్క, ఇనుపగొట్టం, గోనెపట్టా, మేకుల వరస. అయినా ఎదుట నిలబడితే రాజ్యానివి. పొద్దు నీ నుదుట పడితే పసిడికొండవి. నిన్ను నిలబెట్టిన వడ్రంగికి దండం. నీకు రంగు పూసిన చేతికి దండం. నిన్ను నిజమనుకున్న నా కంటికి దండం. కాదని తెలిసీ నమ్మడం మానని నా మనసుకు మరీ పెద్ద దండం.

మాది ఆమడగూరు. బోడికొండలు, ఎర్రమన్ను, చెనక్కాయ చేలు, నిండిన ఏడు పండగైపోయే చెరువులు. మోడం పట్టిందా లేదా అని పైకి చూసి చూసి మెడలు నొప్పిపుట్టిన మనుషులం. అలాంటి చోటినుంచి బస్సు నిండా జనం, ఒళ్లో బొరుగుల మూటలు, డబ్బాల్లో చిత్రాన్నం. చీకట్లో కదిరి దాటి, కునుకులో కర్నూలు దాటి, తెల్లారేసరికి హైదరాబాదు చేరి, అటునుంచి విజయవాడ దారి పట్టి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు సాగితే, అక్కడ నీ వాకిలి. చుట్టూ మళ్లీ గుట్టలే, గుండ్లే, ఎండే. మా సీమ మాకన్నా ముందు బయల్దేరి వచ్చి కూర్చుందా అనిపించింది. ఇట్లాంటి రాతినేల మీద 1996లో రామోజీరావు ఫిల్మ్‌సిటీ అనే ఒక కలను నాటారు. కళాదర్శకుడు నితీశ్ రాయ్ గీత గీసి ఆ కలకు వీధులిచ్చారు, మలుపులిచ్చారు, మండపాలిచ్చారు. 1,666 ఎకరాల స్టూడియో, లోకంలో ఇంతకు మించింది లేదని గిన్నిస్ పుస్తకం రాసుకుంది. రాసుకోనీ. నీకు కొలతలెందుకు, కలకు కంచె ఎందుకు?

ఎర్రబస్సు కదిలింది, ఊళ్లు కదిలాయి. ఒక మలుపులో ఉత్తరాది వీధి, మరు మలుపులో లండను వీధి. ఇటు మొగలుల తోట, అటు జపాను తోట. కొండ మీద హవామహల్, కొండ కింద గుహ. ఏ విమానమూ వాలని విమానాశ్రయం, ఏ రోగీ మూలగని ఆసుపత్రి, ఏ దొంగా మగ్గని జైలు. పెళ్లిపిల్ల ఏడ్చి ఎక్కాల్సిన రైలు నిలిచే ఉంది, ప్లాట్‌ఫారం తుడిచే ఉంది, ఏడ్పు ఒక్కటే రావాలి. ఒకే కట్టడం ఈ పక్కన ఒక ముఖం పెట్టుకుంటుంది, ఆ పక్కన వేరొక ముఖం పెట్టుకుంటుంది. మధ్యాహ్నం దాకా కళాశాల, మధ్యాహ్నం తర్వాత కోర్టు. బోర్డు మారితే బతుకు మారే వీధీ, ఎన్ని జన్మలు నీకు! మనిషికొక్క జన్మ ఇచ్చి సరిపెట్టిన బ్రహ్మ నీ పెయింటరు దగ్గర పని నేర్చుకోవాల్సింది.

నీ నగలు చూశాను, నీ ఆయుధాలు చూశాను. పదును లేని కత్తులు, బరువు లేని కిరీటాలు, బోయీలు లేని పల్లకీలు, దొర లేని సింహాసనాలు. వాళ్లు ప్రాపర్టీలంటారు. కథానాయకుడు విరిచే కుర్చీ ముందే విరిగి ఉంటుంది, మళ్లీ అతికించి నిలబెడతారు. తల మీద పగిలే సీసా నిజం గాజు కాదు, ముట్టుకుంటే పొడయ్యే పెళుసు సరుకు. దెబ్బ తగలకుండా దెబ్బ కొట్టడానికి, కన్నీరు కారకముందే కన్ను తడపడానికి, ఇల్లు కాలకుండా మంట లేపడానికి ఎన్ని చేతులు, ఎంత దయ! అవును, దయే. లోకంలో నిజం కుర్చీలు, నిజం సీసాలు ఎంత నొప్పిపెడతాయో మనకు తెలుసు. నీ దగ్గర పడ్డవాడు లేస్తాడు. చచ్చినవాడు చాయ్ తాగుతాడు.

మాహిష్మతీ! నీ ముంగిట మా ఊరి పిల్లలంతా ఒక్కసారిగా పొడుగైపోయారు. సాబు సిరిల్ చేతులు మలచిన ఏనుగులు, నిటారు విగ్రహాలు, కట్టప్పలు పరుగెత్తిన రాళ్లబాట. 2015లో, మళ్లీ 2017లో మేం కదిరి టాకీసులో ఈలలు వేసి చొక్కాలు చించుకున్న బాహుబలి రాజ్యం ఇక్కడ ఎండలో ఒంటరిగా ఆరుతోంది. ఒక పిల్లవాడు ఏనుగు కాలిని వేలితో తట్టాడు. డబడబమంది. వాడి ముఖం చిన్నబోతుందేమో అని చూశాను. లేదు. వాడు ఇంకో ఏనుగును తట్టి, అది వేరే స్వరంలో పలికిందని సంబరపడ్డాడు.

ఓ పచ్చతెరా! మా చేలల్లో ఏ శ్రావణంలోనూ చూడనంత పచ్చా! మనిషి ఒంట్లో లేని రంగువు గనుక నిన్ను ఎంచుకున్నారు. నిన్ను తుడిచేస్తే మనిషి మిగులుతాడు, మనిషి వెనక లోకం మొలుస్తుంది. చెరిగిపోవడానికే పుట్టినదానా, నువ్వు చెరిగిన చోట జలపాతం దూకుతుంది, సైన్యం నడుస్తుంది, నిప్పులు కక్కే పక్షి రెక్క విదిలిస్తుంది. కదలని బండి మీద మా వాళ్లను కూర్చోబెట్టి, కళ్లాలు చేతికిచ్చి అదిలించమన్నారు. బండి కదల్లేదు, గుర్రమే లేదు. ఆ పక్కగదిలో తెర మీద చూద్దుము గదా, బండి గాలిలా పోతోంది, వెనక దుమ్ము, ముందు కొండలు! గుర్రపు డెక్కలు రెండు కొబ్బరి చిప్పలు. ఉరుము ఒక రేకు. చిటపటలాడే మంట నలిపిన కాగితం. చెవిని నమ్మించడం కంటిని నమ్మించడంకన్నా తేలికని ఆ గదిలో అర్థమైంది. కన్ను అనుమానిస్తుంది, చెవి వెంటనే భయపడుతుంది.

భాగవతం సెట్టు ముందు మా జేజి చెప్పులు విడిచింది. ఎదురుగా కృష్ణుడి కొలువు, రంగుల తోరణాలు. జేజి రెండు చేతులెత్తి మొక్కింది. వెంట వచ్చిన గైడు పిల్ల నవ్వాపుకుంటూ, “అమ్మా, ఇది గుడి కాదు, సెట్టింగు” అంది. జేజి తల తిప్పకుండానే, “తెలుసులేమ్మా. బొమ్మలాటలో రాముడు మేకతోలు. మొక్కకుండా ఉంటిమా?” అంది.

ఆ మాట విన్నాక నాకు దారి కనబడింది. మాయా, నిన్ను నేను ఇక్కడ కొత్తగా చూడలేదు! ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో నువ్వు ఎప్పటినుంచో కాపురం ఉంటున్నావు. మేకతోలును నానబెట్టి, గీకి, ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచన చేసి, ఉలితో సన్నటి చిల్లులు పొడిచి సీతమ్మ మెడలో హారాలు పోసే ఊరది. ఆ చిల్లుల్లోంచి దీపం తొంగిచూస్తే ముత్యాలు, దీపం ఆరితే తోలు. తెల్లగుడ్డ కట్టి, వెనక దివిటీ నిలిపి, ముందు గణపతిని ఆడించి, అర్ధరాత్రి దాకా రామరావణులు, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడి అల్లరి. యుద్ధం వచ్చిందంటే ఆటగాడు కాలి కింద చెక్కను దబదబ తొక్కుతాడు, లంక అదిరిపోతుంది. సెట్టింగు, ప్రాపర్టీ, ఎఫెక్టు, డబ్బింగు, అన్నీ ఒక గుడ్డ వెనక ఒకే కుటుంబం! ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఒక మనిషికి వచ్చిందనుకున్నాం. రావణుడి పది తలలకూ వచ్చింది, హనుమంతుడి తోకకూ వచ్చింది.

అంతేనా? మా కదిరినే ఇంటిపేరుగా మోసిన మాంత్రికుడు ఒకడున్నాడు. కదిరి వెంకటరెడ్డి, లోకానికి కె.వి.రెడ్డి, 1912లో తాడిపత్రిలో పుట్టినవాడు. మద్రాసు వాహినీలో కూర్చుని 1951లో పాతాళభైరవిని లేపాడు, 1957లో మాయాబజారు పరిచాడు. కంప్యూటరు ఊహకైనా రాని రోజుల్లో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు తమంతట తామే ఎగిరివచ్చాయి. గోఖలే, కళాధర్ బొమ్మరిల్లంత ఇళ్లు పేర్చితే ద్వారక అయింది. మార్కస్ బార్ట్లీ దీపాలు పట్టుకుని పడవ మీద పోసిన వెన్నెల, నిజం చంద్రుడు కూడా తాను అంత బాగా ఎప్పుడు కాశానా అని తికమకపడే వెన్నెల. ఆ వాహినీ ఉన్న వడపళనిలో నేడు ఆసుపత్రి ఉంది, అంగళ్ల మేడ ఉంది. ద్వారక రెండోసారి మునిగింది. వెన్నెల మాత్రం మునగలేదు. ఇప్పటికీ ఏ పండగనాడో టీవీలో కాస్తుంది, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

ఇక నా మొక్కంతా ఎక్కడ చెల్లించానో చెప్తాను. ఒక వీధి మొదట్లో ఏదో షూటింగుకు సిద్ధం చేస్తున్నారు. ఎత్తైన రాటల మీద ఇనుపగొట్టాలు, గొట్టాల నిండా చిల్లులు, కింద ట్యాంకరు, పక్కన మోటారు. మా బస్సు ఆగింది. ఎవరో దూరంనుంచి చెయ్యి ఊపారు. మోటారు గుర్రుమంది.

వాన!

నడినెత్తి మీద ఎండ ఉండగా, ఆకాశంలో అరచేతంత మబ్బు లేకుండా, వాన! ఒక్క వీధికి కొలిచి కోసినట్టు వాన. ఈ గడప మీద కుండపోత, పక్క గడప మీద ఎండుటాకు. ఓ గొట్టాల వానా, ఓ గుత్తకు కురిసే వరుణుడా! ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడితే అదే భాగ్యమనుకునే జిల్లా వాళ్లం. కార్తెలు లెక్కబెట్టి, కప్పలకు పెళ్లి చేసి, విరాటపర్వం చదివించి కూడా నిన్ను రప్పించలేనివాళ్లం. ఇక్కడ ఒక మనిషి చెయ్యి ఊపితే వచ్చావు, చెయ్యి దించితే ఆగావు! నాకు కోపం రావాలి. రాలేదు. బస్సంతా లేచి నిలబడింది. ఆడవాళ్లు కిటికీల్లోంచి చేతులు చాపారు. రెండు చుక్కలు ఎవరి మీదో పడ్డాయి, అందరూ తడిసినట్టే అరిచారు. నా పక్కనున్న పెద్దరైతు ఒక్కడే ట్యాంకరును కన్నార్పకుండా చూసి, “ఈ నీళ్లు మా చేనికి మళ్లిస్తే ఒక తడి అవుతుంది గదప్పా” అన్నాడు. ఇంతకన్నా గొప్ప స్తోత్రం నేను రాయలేను.

ఆ వాన వెనక ఒక పెద్ద దీపం నిలబెట్టారు. ఎందుకని అడిగితే గైడు పిల్ల చెప్పింది, వెనకనుంచి వెలుగు పడకపోతే వాన కెమెరా కంటికి ఆనదట. ఎంత నీరు కురిపించినా ఉత్త గాలిలాగే ఉంటుందట. వెనక దీపం వెలిగిందా, ప్రతి చుక్కా దారం, ప్రతి దారమూ వెండి! ఓహో, ఇదా నీ గుట్టు! తోలు సీతమ్మకు వెనకే దీపం. గొట్టాల వానకు వెనకే దీపం. మహలా, నీకు వెన్ను లేదని మొదట్లో అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ వెన్ను దగ్గర ఎప్పుడూ ఒక మనిషి దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెమట కారుతూ, భుజం నొస్తూ, పేరు తెర మీద కడపట గబగబా జారిపోయేవాడు. లైట్‌మన్, వడ్రంగి, మోల్డరు, దర్జీ, గొట్టం పట్టినవాడు, మోటారు తిప్పినవాడు. మీ వెలుగు మా ముందుకు వస్తుంది, మీరు రారు. మీ అందరికీ నా బొరుగుల మూట విప్పి చాపుతున్నాను, పుచ్చుకోండి.

మాయా, ఎప్పుడూ మేమే రావాలా? ఒకసారి మా దిక్కుకు రా. నీకు కట్టే శ్రమ కూడా ఉండదు. పెనుకొండలో విజయనగర రాజుల కోట గోడలు ఉన్నాయి, సుద్దపొడి పూయకుండానే వందల ఏళ్ల ముసలివి. లేపాక్షిలో కప్పు పడని కల్యాణమండపం ఉంది, ఏ ఆర్ట్ డైరెక్టరూ సగంలో ఆపడానికి సాహసించనంత అందంగా సగంలో ఆగింది. నందీశ్వరుడు ఒక్క రాతిలోంచి లేచి కూర్చుని ఉన్నాడు, తట్టి చూడు, డొల్ల కాదు. ఎండకు జనరేటరు అక్కర్లేదు. దుమ్ముకు ఫ్యాను అక్కర్లేదు. కానీ వచ్చేటప్పుడు ఆ గొట్టాలు, ఆ మోటారు, ఆ ట్యాంకర్లు మరిచిపోకు. వాన సీనుకు మా చెనక్కాయ చేలే లొకేషను, టేకులు ఎన్నైనా తీసుకో, బాగా రాలేదని మళ్లీ మళ్లీ తీసుకో. గుంపులో నిలబడడానికి ఆమడగూరంతా తయారు. మా జేజి ఒక్కతే బేరం పెడుతోంది: ఊరికే నిలబడదట, డైలాగు ఉండాలట.