రాయి మీద జారే రేకు

ఇంజన్ అడుగున ఉండే నూనె తొట్టిని మన మెకానిక్కులు ఛాంబర్ అంటారు. పుస్తకాల్లో దాని పేరు సంప్. కొన్నేళ్ల కిందట పాడేరు అవతల ఒక గెడ్డ దాటుతుంటే నీళ్లలో కనబడని రాయి ఒకటి నా బండి ఛాంబర్‌కి తగిలింది. ఠంగుమని ఒక్క చప్పుడు. ఒడ్డెక్కి వంగి చూస్తే చుక్క నూనె కారడం లేదు. గండం గడిచిందనుకొని బయల్దేరాను. కాసేపటికి ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది.

జరిగిందేమిటో తర్వాత ఛాంబర్ విప్పితే తెలిసింది. నూనె పీల్చుకునే జాలీ దాని అడుగుకి కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. రాయి దెబ్బకు అడుగు రేకు సొట్టపడి పైకి లేచి ఆ జాలీ మూతిని మూసేసింది. నూనె నిండా ఉంది, బేరింగులకు మాత్రం అందడం లేదు. దీపం చూడగానే ఇంజన్ ఆపాను కాబట్టి బతికింది. పోత అల్యూమినియం ఛాంబరైతే పగిలి నూనె ఒలికేది, కనీసం కంటికి కనబడేది. బండి కింద గార్డు ఉందనే అప్పటిదాకా నా ధీమా. ఉన్నది బురద చిందకుండా బిగించిన ప్లాస్టిక్ మూత!

పికప్ బండికి ఈ బెడద మరీ ఎక్కువ. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వి-క్రాస్‌నే తీసుకోండి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 3,095 మిల్లీమీటర్లు. మహీంద్రా థార్‌కి అది 2,450. చక్రాల మధ్య అంత దూరం ఉన్నప్పుడు, చెరువు గట్టులాంటి మిట్ట ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రాలు అవతలికి దిగిపోతాయి, వెనకవి ఇంకా ఇవతలే ఉంటాయి, పొట్ట మిట్టకి ఆనుకుంటుంది. అక్కడ ఉండేవి గేర్ బాక్సు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. చాలా పికప్‌లకు కంపెనీ ఇచ్చే పల్చటి గార్డు ఇంజన్ ముందు భాగంతోనే ఆగిపోతుంది.

1953లో మొదలైన తూర్పు ఆఫ్రికా సఫారీ లాంటి మోటు ర్యాలీల్లో సంప్ గార్డు ముఖ్యమైన సామాను. కొండదారులు పట్టేవాళ్లు ఇప్పుడు దాన్నే స్కిడ్ ప్లేటు అంటున్నారు. నాకు ఈ రెండో పేరే నచ్చుతుంది. స్కిడ్ అంటే జారడం. రాయి దెబ్బను కాచుకోవడం ఈ పలకకు సగం పనే. దాదాపు రెండు టన్నుల బండిని ఆ రాయి మీదుగా జార్చి అవతల పడేయడం మిగతా సగం. అందుకే ముందు పలక మూతి పడవ ముక్కులా పైకి వంగి ఉండాలి. రెండు మూడు పలకలు వరసగా బిగిస్తే, పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు, ముందు పలక తోక వెనకదాని మూతిని కిందనుంచి కప్పాలి. తిరగేసి బిగిస్తే ప్రతి రాయీ ఆ అంచుకి తగులుకుంటుంది. రివర్సులో ఎలాగూ తగులుతుంది కాబట్టి, పనితనం తెలిసినవాళ్లు ఆ తోకను కాస్త పైకి వంచుతారు.

ఇక మందం గొడవ. 'మాది ఆరు ఎంఎం' అని మీసం తిప్పేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. చదరపు మీటరు ఆరు మిల్లీమీటర్ల ఉక్కు 47 కిలోలు తూగుతుంది. అందులో ఎక్కువ భాగం ముందు స్ప్రింగుల మీద పడే బరువే. నాలుగు మిల్లీమీటర్ల ఉక్కయితే 31 కిలోలు, ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియమైతే 16. వంగకుండా నిలవడంలో ఈ చివరి రెండూ దాదాపు సమానం, అల్యూమినియం ఒక పిసరు మెరుగు కూడా. కానీ అది మెత్తన. గరుకు రాయి దాన్ని గీరి, గాడి చేసి, పట్టుకుంటుంది. ఉక్కు జారిపోతుంది. దక్కను బండరాళ్ల మీద ఆడుకునేవాళ్లకు ఉక్కు, లడఖ్ దాకా వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అల్యూమినియం అని నా లెక్క. రెంటికన్నా ముఖ్యం రేకు మడత. చదును జింకు రేకు గాలికే ఊగుతుంది, అలలు తీసిన రేకు పాకకి కప్పుగా నిలుస్తుంది. గాళ్లు నొక్కి అంచులు మడిచిన మూడు మిల్లీమీటర్ల ఉక్కును, చదునుగా కోసిచ్చిన దళసరి పలక కోసం నేను వదులుకోను.

పలక ఎక్కడ వేలాడుతుందన్నది అసలు సంగతి. బరువంతా ఛాసిస్ అడ్డపట్టీలే మోయాలి. ఛాంబర్‌కీ పలకకీ మధ్య కనీసం అంగుళం సందు కావాలి, ఎందుకంటే దెబ్బ పడినప్పుడు పలక పైకి వంగి తిరిగి వెనక్కొస్తుంది. సందు లేకపోతే రాయి కొట్టాల్సిన దెబ్బ పలకే కొడుతుంది. ఛాసిస్‌కి కంపెనీ వేసిన మరల రంధ్రాలనే వాడుకోవాలి. కొత్తగా డ్రిల్లు చేస్తామనీ, వెల్డింగు పెట్టేస్తామనీ ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బిగించే రోజు ఇద్దరుండాలి. బండిని జాకీతో లేపి, స్టాండ్లు పెట్టాకే కిందకి దూరాలి. పలకను చెక్క మీద పెట్టి ఇంకో జాకీతో నెమ్మదిగా ఎత్తితే మొహం మీద పడదు. బోల్టులన్నీ ముందు చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించాలి. ఒకదాన్ని పానాతో పూర్తిగా బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు. అన్నీ ఎక్కాక ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. 8.8 గ్రేడు బోల్టుల్లో పది మిల్లీమీటర్లదానికి సుమారు 48 న్యూటన్ మీటర్లు, ఎనిమిదిదానికి 25 చాలు. బోల్టు తలలు గిన్నెలాంటి పల్లంలో దాక్కోవాలి, లేకపోతే రాళ్లు వాటిని చెక్కేస్తాయి, తర్వాత ఏ పానా పట్టదు. అల్యూమినియం పలకైతే ఉక్కు బోల్టుతో నేరుగా కలవకుండా మధ్యలో ప్లాస్టిక్ వాషరు వేయాలి. తడి తగిలితే ఆ రెంటి జతలో అల్యూమినియమే తినేసుకుపోతుంది. మొదటి ప్రయాణం నుంచి రాగానే మళ్లీ ఒకసారి బిగువు చూసుకోవాలి.

నూనె మార్చే రంధ్రం పలకలో ఉండి తీరాలి. లేదంటే సర్వీసుకెళ్లిన ప్రతిసారీ విప్పుతారు, విప్పినవన్నీ తిరిగి రావు. ఒకసారి నా బండి రెండు బోల్టులు తక్కువగా ఇంటికొచ్చింది. గలగలమంటుంటే సైలెన్సరేమో అని వారం తిరిగాను.

ముందు బంపరుకి మెరిసే బుల్ బార్లు బిగించుకున్న బండ్లు ఇప్పటికీ కనబడతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అవి చెల్లవని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. వాటి కింద పొట్ట చాలాసార్లు బోసిగానే ఉంటుంది. ఫొటోలో పడదుగా మరి.

పలక తెచ్చే చిక్కులూ ఉన్నాయి. గాలి రంధ్రాలు లేకపోతే వేడి లోపలే ఉండిపోతుంది. బురద పేరుకొని తడి ఆరక ఛాసిస్‌కి తుప్పు పట్టిస్తుంది. అన్నిటికన్నా భయపడాల్సింది ఎండుగడ్డికి. గడ్డి బీడులో నడిపితే అది పలక మీదకి చేరి, కాలిన సైలెన్సర్ గొట్టం పక్కన పోగుపడుతుంది. ఇప్పటి డీజిల్ బండ్లు పొగ జల్లెడలోని మసిని కాల్చుకునేటప్పుడు ఆ వేడి ఇంకా పెరుగుతుంది. ఎండాకాలం బీడు దాటిన ప్రతిసారీ ఆగి, టార్చి వేసి, పలక పైన చెయ్యి పోనిచ్చి గడ్డి లాగేయండి. ఇంజన్ చల్లారాక.