బొర్రా కేసు: ఒక తీర్పును కట్టిన తీరు

పరిశోధకులకు డబ్బుతో పాటు ఉండడానికి గది, గ్రంథాలయం, తీరిక ఇచ్చే చోటు అనగానే మన దేశంలో ముందు గుర్తొచ్చేది సిమ్లా. రాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్రాయిల పాత భవనాన్ని పండితులకు వదిలి, 1965లో అక్కడ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీని ప్రారంభించారు. అంతకు మూడు దశాబ్దాల ముందు ఆయన మన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్. అలాంటి బస విశాఖ దగ్గర, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం పక్కనే ఏర్పడితే, వచ్చిన ప్రతి పండితుడూ మొదట చదవవలసింది సమతా తీర్పు.

అనంతగిరి మండలంలో బొర్రా చుట్టూ ఉన్న 14 గిరిజన గ్రామాల కథ అది. అక్కడి ఖనిజాలు తవ్వుకోమని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకెక్కి 1995లో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల మాట నెగ్గి, గెలిచింది. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి, మన హైకోర్టులో పనిచేసి వెళ్లినవారే.

తగువంతా గిరిజన ప్రాంతాలకు వర్తించే 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్ మీద. 1970లో దాన్ని బిగించారు. ఏజెన్సీలో వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అక్కడి స్థిరాస్తిని ఏ వ్యక్తీ, తను గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనులకో వాళ్ల సంఘాలకో తప్ప బదిలీ చేయకూడదు. ప్రభుత్వం అన్నదేమిటంటే, మేం వ్యక్తి కిందికి రాం, సర్కారు భూమి మా ఇష్టం.

ఇంకొకరైతే వెంటనే నిర్వచనాల పుస్తకం తెరిచేవారు. రామస్వామి ఆ తొందర పడలేదు. మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి కొండభూములు ఎలా జారిపోయాయో, 1917లో మద్రాసు ప్రభుత్వం ఏ చట్టం తెచ్చిందో, గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఎందుకు పెట్టారో ఓపిగ్గా చెప్పుకొచ్చారు. మధ్యలో విసుగు పుడుతుంది, దాచడమెందుకు. ఆయన కలానికి పొదుపు తెలియదు. కానీ ఆ విస్తారం ఊరికే పోలేదు. అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చదివేవాడే అడుగుతాడు: గిరిజనుడే అమ్మకూడని నేలను ప్రభుత్వం కంపెనీకి రాసిస్తే ఈ చట్టం ఎవరిని కాపాడినట్టు? అప్పుడు గానీ ఆయన జవాబు చెప్పరు. వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా. లీజు కూడా బదిలీయే.

ఇంకో నేర్పు ఉంది. తవ్వకాన్ని ఆయన పూర్తిగా మూసేయలేదు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వొచ్చు, గిరిజనుల సహకార సంఘాలు తవ్వొచ్చు. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక గిరిజనుల అవసరాలకు శాశ్వత నిధిగా పెట్టాలి. అడవి తిరిగి పెంచే ఖర్చు అందులో కలపకూడదు. కట్టడంలో నాకు అనుమానమున్న కీలు కూడా ఇక్కడే ఉంది. ప్రభుత్వాన్ని నిలువరించి ప్రభుత్వ సంస్థకు తలుపు తెరిస్తే, దాని వెనక నుంచి మళ్లీ ప్రైవేటు కాంట్రాక్టరు రాడా?

విభేదించిన జస్టిస్ జి.బి. పట్నాయక్ రాసింది కూడా అంతే శ్రద్ధగా చదవాలి. ఈ రెగ్యులేషన్ ప్రభుత్వ భూమికి వర్తించదని, వ్యక్తి అన్నచోట ప్రభుత్వాన్ని చేర్చలేమని ఆయన సూటిగా చెప్పారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే రామస్వామి అంత చరిత్ర ఎందుకు పేర్చారో తెలుస్తుంది. అక్షరార్థం మీద మాత్రమే నిలబడితే పట్నాయక్ వాదన గట్టిది.

పునఃపరిశీలన కోరిన పిటిషన్లను 2000లో కోర్టు కొట్టేసింది. 2001లో బాల్కో అనే అల్యూమినియం కంపెనీ కేసులో మరో ధర్మాసనం ఈ తీర్పు మీద గట్టి సందేహాలే వెలిబుచ్చింది గానీ, దాన్ని రద్దు చేయలేదు.

తీర్పు పాఠం ఢిల్లీలోనూ దొరుకుతుంది. విశాఖలో మకాం వేసినవాడికి కిరండూల్ ప్యాసింజర్ అదనం. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నంలోపే బొర్రాగుహల స్టేషన్లో దిగొచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజం రేవుకు దిగేదీ ఆ లైన్లోనే. ఏ ఊళ్లో లీజు ఆగింది, ఎవరి చేతికి మారింది, ఆ 20 శాతం మాట ఎంతవరకు చేరింది అని అడగడానికి అక్కడ నెలల తరబడి పని ఉంది.