హక్స్‌లీ వ్యాసము - మన చెరువులోని బుడుబుంగ

నాగార్జునసాగరు ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న త్రిపురారం ప్రాంతపు చెరువులలో, తుంగ మొలిచినచోట, జానెడు పొడవుగల గోధుమవన్నె పక్షి ఒకటి కనబడుతుంది. మనం చూస్తుండగానే బుడుంగున మునిగి వేరొకచోట తేలుతుంది. దీనినే బుడుబుంగ అనీ, మునుగుడు కోడి అనీ అంటారు. చూపునకు బాతు వలె ఉన్నా ఇది బాతు కాదు. వేళ్ల నడుమ చర్మానికి బదులు ప్రతి వేలికీ విడివిడిగా వెడల్పైన అంచులుంటాయి. కాళ్లు శరీరపు చివర అమరి ఉండడంవల్ల ఈతలో దీనికి ఎంత నేర్పో, నేలమీది నడకలో అంత అవస్థ.

ఈ కుటుంబపు పక్షుల ప్రవర్తనను గురించి వచ్చిన రచనలలో జూలియన్ హక్స్‌లీ 1914లో ప్రకటించిన వ్యాసము ముఖ్యమైనది. 1912 వసంతంలో ఇంగ్లండులోని ట్రింగ్ జలాశయాల వద్ద, తలపై సిగగల పెద్దజాతి మునుగుడు పక్షులను ఆయన సుమారు రెండు వారాలు గమనించాడు. ఆడ, మగ ఎదురెదురుగా తలలూపడం, నీటి మొక్కలను ముక్కున కరచుకొని రొమ్ముకు రొమ్ము తాకేటట్లు నిటారుగా లేవడం - వీటిని ఆయన సవిస్తరంగా వర్ణించాడు.

మగ నెమలి పురివిప్పి ఆడుతుంది, ఆడ నెమలి ఎంచుకుంటుంది - ఇది 1871లో డార్విన్ చూపిన మార్గము. హక్స్‌లీ చూచిన పక్షులలో ఇద్దరిదీ ఒకే వేషము, ఒకే నృత్యము. పైగా జత కుదిరిన తరువాత కూడా ఆ నృత్యము సాగుతూనే ఉంటుంది. కనుక అది ఎంపికకే కాదు, జతను నిలుపుకోడానికి కూడా అన్నాడు. ఆడపక్షిని కేవలము న్యాయనిర్ణేతగా గాక సమాన భాగస్వామిగా చూడడం ఈ వ్యాసపు గొప్ప గుణము.

అయితే లోపాలూ లేకపోలేదు. రెండు వారాలలో జత తొలుత ఎట్లా కుదిరేదీ పూర్తిగా తెలియదు. హక్స్‌లీ అనురాగ బంధాన్ని నొక్కి చెప్పినంతగా, ఆ చేష్టలలో దాగిన కలహాన్నీ భయాన్నీ పట్టించుకోలేదు. 1955లో సిమ్మన్స్ ప్రకటించిన పరిశీలనలు ఈ వైపు దృష్టి మళ్లించాయి.

అంతకంటె పెద్ద పొరపాటు హక్స్‌లీది కాదు, ఆయన పాఠకులది. ఆ నృత్యాన్ని కుటుంబమంతటికీ అంటగట్టడం సరికాదు. మన బుడుబుంగకు సిగ లేదు. దాని ప్రణయంలో ప్రధానమైనది జంటగా వినిపించే కిలకిల నాదము. ఆడ, మగ ఇద్దరూ పొదుగుతారు. గూడు విడిచి పోయేటప్పుడు గుడ్లపై ఆకులు కప్పుతారు. పిల్లలను వీపుపై మోస్తారు. సమానత్వము ఇక్కడా ఉన్నది, కాని దాని రూపము వేరు.

కాబట్టి హక్స్‌లీ నుండి మనం తీసుకోవలసినది ఆయన నిర్ణయాలను కాదు, ఆయన ఓపికను. దానికి ఒక దుర్భిణి, ఒక నోటు పుస్తకము, చెరువుగట్టు చాలు. కాని బుడుబుంగ గూడు నీటిపై తేలుతూ, తుంగకూ నాచుకూ అంటిపెట్టుకొని ఉంటుంది. పూడిక తీసే పేరిట తుంగనంతా పెరికివేస్తే గూటికి ఆధారముండదు. అప్పుడు పుస్తకములోని పరాయి పక్షి మిగులుతుంది. పరీక్షించి చూచుకోడానికి మన పక్షి మిగలదు.